డేరాకి కట్టబోయిన పలుపు

ఏదో పత్రికలో తెల్లదొరా దొరసానీ అడవిలో డేరా వేసుకుని టీ తాగుతున్న బొమ్మ చూసిన దగ్గర్నుంచి మా ఆయన పున్నారావుకి కంటిమీద కునుకు లేదు. తెనాలిలో ఎరువుల కొట్టు చూసుకునే మనిషికి అడవులేంటని అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పెళ్ళయ్యాక నన్ను ఎక్కడికైనా తీసుకెళ్తాననడం అదే మొదలు. డెబ్బై రెండులో పాత జీపొకటి ఇంటి ముందు ఆగేసరికి ఎగిరి గంతేసినంత పనయింది.

నా బెంగల్లా గౌరి మీదే. పిట్టలవానిపాలెం నుంచి మా అమ్మ దూడగా తోలించిన గేదె అది. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే. తొలిచూలు, నెలలు నిండాయి.

"తమ్ముడి ఇంట్లో కట్టేసి వస్తాలే. సామ్రాజ్యం చూసుకుంటుంది" అని బయల్దేరే పొద్దున ఆయనే తోలుకెళ్ళాడు. మా తోడికోడలు పాడి ఎరిగిన మనిషి కదా అని నేను పులిహోర మూట కట్టుకుంటూ ఉండిపోయాను.

మొదటి మజిలీ బాపట్ల దగ్గర సూర్యలంక. ఇసకలో గూటాలు నిలవక, గోతాల్లో ఇసక నింపి వాటికి డేరా తాళ్ళు కట్టాం. కాళ్ళ మీదికి అలలొస్తుంటే నాకు మాటలు ఆగలేదు.

"మనం వెళ్ళేసరికి గౌరి ఈనుతుందేమోనండి. మొదటి జున్ను మీకే."

"మిరియాలు కాస్త ఘాటుగా వెయ్యి, ఝాన్సీ" అన్నాడు. ఎంత ముద్దొచ్చాడో ఆ పూట!

అక్కణ్ణుంచి నల్లమల కొండలెక్కాం. సాయంత్రం డేరా వేస్తుంటే ఈదురుగాలికి ఒక తాడు పుటుక్కున తెగింది. ఆయన రెండు చేతులా గుడ్డ పట్టుకుని, "ఆ సీటు కింద ఏదన్నా తాడుందేమో చూడు" అని అరిచాడు.

చేతికి తగిలింది గౌరి పలుపు. దాని మెడ ఒరుసుకోకుండా నా పాత ఆకుపచ్చ చీర పేలికలు కలిపి నేనే పేనాను. నా పేనుడు నాకు తెలియదా?

మా వైపు గేదెను అమ్మినా పలుపు మాత్రం ఇవ్వరు. దాంతోపాటే ఇంట్లో పాడి పోతుందంటారు. కొన్నవాళ్ళు కొత్త పలుపు తెచ్చుకుని తోలుకుపోతారు. తమ్ముడింట్లో కట్టేసిన గేదె పలుపు జీపులో ఉండదు.

"ఎవరికి అమ్మారు?"

ఆయన చేతిలో గుడ్డ జారిపోయింది. డేరా కూలింది.

"రేపల్లెలో ఆశీర్వాదం మాస్టారికి. జీపు బాకీకి డబ్బు తక్కువైంది, ఝాన్సీ. నువ్వు కూడా సరదా పడ్డావు కదా అని..."

"నన్ను అడిగారా?"

"అడిగితే ఒప్పుకుంటావా ఏంటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మినందుకు కాదు. అమ్మేసి, సముద్రం ఒడ్డున కూర్చుని, నా జున్నులోకి మిరియాలు అడిగాడే, అందుకు. నన్నంత వెర్రిదాన్ని చేశాడు. గేదె పోయినా ఫర్వాలేదు గానీ పలుపు పోకూడదట, అది మాత్రం భద్రంగా దాచుకున్నాడు!

"జీపు రేపల్లెకి తిప్పండి" అన్నాను.

మాస్టారి భార్య దానమ్మ మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. "రా చెల్లెమ్మా, మంచి వేళకొచ్చారు. నిన్ననే ఈనింది, పెయ్యదూడ" అంటూ ఇద్దరికీ గిన్నెల్లో జున్ను పెట్టింది. పాపం, ఆవిడకేం తెలుసు? కొట్టంలోంచి గౌరి నా గొంతు విని అరిచింది. ఇంకా నెత్తురారని బిడ్డ దాని కాళ్ళ దగ్గర నిలబడలేక నిలబడుతోంది. దాన్ని తల్లితో సహా మళ్ళీ ఇవ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు.

నేను గిన్నె ముట్టుకోలేదు. జీపులోంచి పలుపు తెచ్చి దానమ్మ చేతిలో పెట్టాను.

"ఇదేంటి చెల్లెమ్మా, పలుపు ఎవరన్నా ఇస్తారా?" అని ఆవిడ బిత్తరపోయింది.

ఆయన గిన్నె పక్కన పెట్టి లేచాడు. "ఝాన్సీ, అదిస్తే ఇంట్లో ఇంకేం మిగలదే!"

"నాకు ముందే మిగల్లేదండి" అన్నాను.

గౌరి మెడ నిమిరి, పిట్టలవానిపాలేనికి బస్సు ఎక్కడ ఆగుతుందో దానమ్మను అడిగాను.