పరదా ఆరేసిన శుక్రవారం

రంజాను ముందు బందరు చిన్న మసీదు వీధి ఆడవాళ్లకి ఒక పెద్ద పని ఉంటుంది. నిఖా పరదా ఉతకాలి. పెడన కలంకారీ గుడ్డ అది. వీధిలో ఎవరి పెళ్లయినా పెళ్లికూతురు దాని వెనకే కూర్చుంటుంది, సాక్షులు ఇవతల నిలబడి ఆమె ఒప్పుకోలు అడుగుతారు, ఒప్పుకుంటే ఆమె ‘ఖుబూల్’ అంటుంది. ఉతికి ఆరేస్తే అందులో పడిన మాటలు గాలికి బయటికొస్తాయి. కొత్త పెళ్లి మాటలు ముందు, పాతవి తర్వాత. ఆడవాళ్లు అరుగుల మీద రోల్డుగోల్డు గాజులకు రాళ్లు అతుకుతూ వింటారు. "ఇది మన హాజిరా గొంతే" అనుకుని మళ్లీ కూరల సంగతిలో పడిపోతారు.

ఈ ఏడు పరదా పెట్టెలోంచి రాలేదు. దాన్ని దాచే బీబీజాన్‌కి రోజుకో వంక దొరికింది. ఒకరోజు మబ్బు, ఒకరోజు మోకాలి నొప్పి. అసలు సంగతి తస్లీమ్. తల్లి పోతే బీబీజానే పెంచిన చెల్లెలి కూతురు. కిందటి రంజాను తర్వాత కృత్తివెన్నులో రొయ్యల చెరువులు చూసుకునే ఖలందర్‌కి ఇచ్చి చేస్తే, ఆర్నెల్లు తిరక్కుండా విరిగిన చేతికి కట్టుతో తిరిగొచ్చింది.

ఖలందర్ తలాఖ్ ఇవ్వనన్నాడు. ఆడదే అడిగి తెంచుకునే ఖులా తీసుకుందామంటే దానికీ మొగుడి ఒప్పుదల కావాలన్నారు జమాత్ పెద్దలు. లాయరు సీతామహాలక్ష్మి గారు వేసిన కేసు వాయిదాలు పడుతూనే ఉంది. కోర్టు విడాకులిచ్చినా నిఖా తెగదని పెద్దలు, పెద్దలు తెంచితే కోర్టుకి చాలదని లాయరు గారు. ఇంతలో శుక్రవారం నమాజు కాగానే ఖాజీ గారితో వచ్చి పెళ్లాన్ని తీసుకెళ్తానని ఖలందర్ కబురు పెట్టాడు.

"ఆ రోజు నేను వద్దన్నాను ఖాలా. నీకు తెలుసు" అంది తస్లీమ్.

"పెళ్లిలో ఏ పిల్ల ఏడవదే? సాక్షులు నిలబడున్నారు, అన్నాలు చల్లారిపోతున్నాయి. సిగ్గుపడే పిల్ల తరఫున పెద్దది ఖుబూల్ అనడం కొత్తా ఏంటి?"

"అది సిగ్గు కాదు. భయం."

బీబీజాన్ ఉల్లిపాయలు తరగడానికి లోపలికెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున్నే తస్లీమ్ పెట్టె తాళం బద్దలుకొట్టింది. ఇంకా సరిగ్గా మడతపడని చేత్తోనే పరదా ఉతికి వీధికి అడ్డంగా ఆరేసింది.

నమాజు కాగానే వాళ్లొచ్చారు. "నువ్వు ఒప్పుకోవడం ఈ చెవులతో విన్నానమ్మా" అన్నారు ఖాజీ గారు.

"ఆ గొంతు ఎవరిదో ఇంకోసారి వినండి."

గాలి వీచింది. "వద్దు ఖాలా, నాకు భయమేస్తోంది" అంది పరదా, తస్లీమ్ గొంతుతో. వెంటనే బీబీజాన్ గొంతు, గట్టిగా: "ఖుబూల్." మళ్లీ వద్దు. మళ్లీ ఖుబూల్.

ఖాజీ గారు చెడ్డవారు కాదు. పరదా వెనక పలికింది ఎవరని అడగాలని ఆయనకి ఏనాడూ తోచలేదు, అంతే. "పిల్ల వద్దన్నాక అది నిఖానే కాదు. ఈమె నీ భార్య కాదు బాబూ" అన్నారు.

ఖలందర్ నవ్వాడు. "మీకు కాదండీ. కోర్టుకి? అక్కడ గుడ్డని బోనెక్కిస్తారా? పోలీసుల్ని తీసుకునే వస్తా."

అతను అన్నదీ నిజమే. సాక్ష్యానికి మనిషి కావాలని, ఖుబూల్ అన్నావిడే వచ్చి చెప్పాలని లాయరు గారు ఎప్పుడో అన్నారు. అందరూ బీబీజాన్ వైపు చూశారు.

"జడ్జీ ముందు నిలబడి అబద్ధమాడానని చెప్పనా? రేపు ఈ వీధిలో ఎవరు పిలుస్తారు నన్ను పెళ్లికి?" అంది ఆమె.

పరదా ఆరుతూనే ఉంది. పాత పెళ్లిళ్ల గొంతులు ఒక్కొక్కటే వచ్చి వెళ్లాయి. చాలాసేపటికి, "అమ్మా, నిద్రొస్తోంది. ఇంటికెళ్దాం" అని ఒక చిన్నపిల్ల గొంతు. ఆ వెంటనే తల్లి గొంతు: "ఖుబూల్."

ఏటా ఆ మాట రాగానే వీధంతా నవ్వేది. అది బీబీజాన్ పెళ్లి. అందరికన్నా ముందు ఆమే నవ్వేది. ఈసారి ఎవరూ నవ్వలేదు. బీబీజాన్ అటూ ఇటూ చూసింది, ఎవరైనా నవ్వితే బాగుండునన్నట్టు.

"ఎంత చిన్నదే పాపం" అంది చివరికి, ఎవరి పిల్ల గురించో అన్నట్టు. తస్లీమ్ చేతిలోంచి ఫోను తీసుకుంది.

"లాయరమ్మ గారూ, నేను తస్లీమ్ పెద్దమ్మనండీ. ఆ రోజు ఖుబూల్ అన్నది నేను. పిల్ల వద్దనే చెప్పింది. కోర్టుకి ఎప్పుడు రమ్మంటారు?"