కొట్టాల గల్లీకి నోటీసు

జాహెదా పాలను మున్సిపాలిటీ వాళ్లు మోరీలో పారబోస్తుంటే సుగుణమ్మ కడుపు చల్లబడింది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ పొద్దున గౌలిపురలోని కొట్టాల గల్లీలోకి హెల్త్ వాళ్ల బండి వచ్చింది. పాలు తీసుకుని హోటలుకు బయలుదేరిన జాహెదాను ఆపారు. కొట్టం గలీజుగా ఉంది, ఈ పాలు అమ్మడానికి వీల్లేదంటూ ఇద్దరు మనుషులు క్యాన్లు ఒంపేశారు.

"తాగి సూడుండ్రి సాబ్! ఒక్క సుక్క నీళ్లుంటె నన్ను జైల్ల ఎయ్యుండ్రి!" జాహెదా వాళ్ల చేతులకు అడ్డం పడింది.

నురుగుతో ఉన్న పాలు నల్లటి నీళ్లలో కలిసిపోయాయి. గల్లీ అంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. సుగుణమ్మ మాత్రం బర్రె పొదుగు కడుగుతూ మూతి పక్కకు తిప్పి నవ్వుకుంది.

ఆ హోటలుకు మొన్నటిదాకా పాలు పోసింది తనే. అత్తగారి కాలం నుంచీ పోసింది. జాహెదా పాలలో మీగడ ఎక్కువని హోటలు యజమాని ఆమె దగ్గరికి మళ్లాడు. అప్పటినుంచి జాహెదా బర్రె ఈనినా, జాహెదా కూతురు ఫరీహా కాలేజీకి పోయినా, చివరికి జాహెదా ఉతికిన దుప్పట్లు తెల్లగా ఆరినా సుగుణమ్మ కళ్లల్లో నిప్పులు పోసుకునేది.

ఆ నవ్వు ఇంకా ఆరలేదు, ఆ మనుషులు ఆమె తలుపు మీదా కాగితం అతికించారు. పక్క తలుపు మీదా. ఆ పక్క తలుపు మీదా.

ఫరీహా చదివి చెప్పింది. నాలా కంపుకు, దోమలకు, జ్వరాలకు అన్నిటికీ కారణం బర్రెలేనట. ఇళ్ల మధ్య కొట్టాలు ప్రజారోగ్యానికి హానికరమట. వారంలోగా పశువుల్ని తరలించకపోతే తామే పట్టుకుపోతారట. అభ్యంతరాలుంటే మున్సిపాలిటీ సర్కిల్ ఆఫీసులో చెప్పుకోవచ్చట.

ఆ మురుగు నాలా గల్లీ వెనకే ఉంది. నాలాకు అవతల అంజన్ సేటు ఫంక్షన్ హాలు. పెళ్లి జరిగిన ప్రతిసారీ దాని వంటశాల గొట్టం నుంచి నూనె, బొక్కలు, ఎంగిలి కూడు నాలాలోనే పడతాయి. ఆ గోడకు మాత్రం ఏ కాగితమూ అంటలేదు.

మధ్యాహ్నం అందరూ సీమోను ఇంటి ముందు చేరారు. సీమోను మున్సిపాలిటీలో సఫాయి పనివాడు, యూనియన్ మనిషి.

"జల్‌పల్లి దిక్కు పోదాం. ఆడ జాగలున్నయి," అన్నాడు ముసలి బాబూమియా.

"ఆడికెల్లి పాలు దెచ్చేసరికి ఇరిగిపోతయి చాచా!" అంది జాహెదా. "రేపు ఆడ గుడ ఒక సేటు హాలు కడ్తడు. మల్ల ఏడికి పోతం?"

"నాలాల దిగేటోన్ని నేను," అన్నాడు సీమోను. "ఆడ పెండ లేదని నేనన. గని గొట్టం ఇడిసిపెట్టి బర్రెలనే పడ్తున్నరంటె ఇది రోగం ఫికర్ గాదు, జాగ ఫికర్. ఒక్కొక్కరు పోయి కాళ్లు మొక్కితె ఒక్కొక్కరినే కొడ్తరు. అందరం పోదాం. ఒక్కరు మాట్లాడాలె."

"జాహెదా మాట్లాడ్తది!" అన్నారు ఆడవాళ్లు.

సుగుణమ్మకు ఒళ్లు మండింది. "ఏం? నాకు నోరు లేదా?"

"నీకు నోరు మస్తుందక్కా. నోటితోని కోపం గుడ మస్తుంది," అంది పక్కింటి మాణిక్యమ్మ. అందరూ నవ్వారు. నోటీసు కంటే ఆ నవ్వే సుగుణమ్మను ఎక్కువ కాల్చింది. హోటలు ఖాతా పోయింది, ఇప్పుడు పెద్దరికం కూడా దానికేనా?

మర్నాడు గల్లీ గల్లీ అంతా సర్కిల్ ఆఫీసుకు నడిచింది. ఇంత మందిని లోపలికి పంపనన్నాడు జవాను. జాహెదా వాదిస్తుండగానే అతను లోపలికి పోయి మళ్లీ బయటికి వచ్చి, "సుగుణమ్మ ఎవరు? సారు నిన్నొక్కదాన్నే రమ్మంటున్నడు," అన్నాడు.

"పోకు," అన్నాడు సీమోను. ఆమె పోయింది. జాహెదా ముందు నుంచి, తల ఎత్తుకుని పోయింది.

లోపల ఆఫీసరు కుర్చీ చూపించాడు. పక్కనే అంజన్ సేటు చాయ్ తాగుతున్నాడు.

"మీ కొట్టం శుభ్రంగా ఉందని మా వాళ్లు చెప్పారమ్మా," అన్నాడు ఆఫీసరు. "మీ నోటీసు ఆపేస్తాం. నాలాలోకి పెండ తోసేది జాహెదా అని మీరు వాంగ్మూలం ఇవ్వండి చాలు."

సేటు గ్లాసు కింద పెట్టాడు. "అది వోతె హోటలు పాలు మల్ల నీయే గదా."

ఒక్క క్షణం ఆమెకు తన పాల క్యాను, హోటలు గుమ్మం, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ జాహెదా కనిపించారు. ఎంత తియ్యగా ఉందో ఆ ఊహ! అంతలోనే ఆమె సేటు వైపు తిరిగింది.

"హోటలు ముచ్చట నీకెట్ల ఎర్క?"

సేటు నవ్వాడు. "గల్లీల ఎవరికెవరు పడరో తెల్వకుంటె యాపారమెట్ల జేస్త సుగుణమ్మా? ముందు దాని జాగ నా హాలు పార్కింగుకైతది. మిగిలినోళ్లు వాళ్లే సర్దుకుంటరు."

మిగిలినోళ్లు. అందులో తనూ ఉంది. ఇన్నాళ్లు గుండెలో దాచుకుని కాచుకున్న మంట తనదే అనుకుంది. ఆ మంట మీద ఈయన తన వంట వండుకుంటున్నాడు!

ఆమె కుర్చీ తోసి లేచింది. బయటి మెట్ల మీద నిలబడి అరిచింది. ఆఫీసరు చెప్పింది, సేటు నవ్వింది, పార్కింగు సంగతి, ఏదీ దాచలేదు.

"దానికి నాకు పడది! నిన్న దాని పాలు ఒంపుతుంటె నవ్విన గుడ! గని అది మా గల్లీ లొల్లి. మేము కొట్టుకుంటం, తిట్టుకుంటం. నడ్మల సేటెవ్వడు?"

జాహెదా ఆమె కళ్లలోకి చూసింది. "నవ్వినవని నాకెర్కే అక్కా. సూసిన."

"సూసి ఊకున్నవా?"

"లొల్లి తర్వాత జేద్దాం. ముందు బర్రెల్ని తోలుకొద్దాం పా."

తోలుకొచ్చారు. కొమ్ములకు నోటీసులు కట్టిన బర్రెలు ఆఫీసు ముందు రోడ్డంతా నిండాయి. బస్సులు ఆగాయి. గొట్టం ముయ్యండి, నోటీసులు చింపండి, మీరే వచ్చి నాలా చూడండి అంటూ జనం గేటుకు అడ్డంగా కూర్చున్నారు. ఆఫీసరు కిటికీ మూసుకున్నాడు. పోలీసులు వచ్చారు.

సీమోనును కాలరు పట్టి బండిలోకి ఎక్కించారు. జాహెదాను ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు లాక్కుపోయారు. "జాహెదాను ఇడ్వాలె!" జనం గొంతులు చించుకున్నారు.

సుగుణమ్మను ఎవరూ ముట్టుకోలేదు. పాత మంట మళ్లీ భగ్గుమంది. ఆమె కొంగు నడుముకు చుట్టి, బండి మెట్టెక్కి తలుపు పట్టుకుంది.

"నన్నెందుకు ఎక్కియ్యరు? దానికంటె నేనేం తక్కువ?"

"దిగమ్మా!"

"నేను దిగ! ముందుగాల నా పేరు రాస్కో!"

జాహెదా చేయి చాచి ఆమెను పైకి లాగింది. "జరుగుండ్రి, మా అక్కొస్తున్నది."

అది చూసి మాణిక్యమ్మ వచ్చింది. "నేను తక్కువనా?" ఫరీహా వచ్చింది. బాబూమియా కర్ర ఊపుకుంటూ, "నాకింత జాగియ్యుండ్రి," అన్నాడు. ఒకరిని చూసి ఒకరు, నేనంటే నేనని మీద పడ్డారు. బండి నిండిపోయింది. తలుపు మూతపడలేదు. మెట్టు మీద ఇద్దరు, వెనక నిచ్చెన మీద ముగ్గురు. కింద మిగిలినవాళ్లు మమ్మల్నీ ఎక్కించుకోండని చక్రాల ముందు కూర్చున్నారు.

ఎస్సై ఇంకో బండి కోసం ఫోను చేశాడు. అది వచ్చేలోపే ఉప్పుగూడ నుంచి సీమోను యూనియన్ సఫాయి పనివాళ్లు చీపుర్లతో వచ్చి చేరారు. బర్రెలు రోడ్డు మీద తాపీగా నెమరేస్తున్నాయి.