రెండోసారి తయారైన సెల్ఫ్ మోటరు

నేను ఒక సెల్ఫ్ మోటర్ని. డ్రైవరు తాళం తిప్పగానే ఇంజన్ని నిద్రలేపేది నేనే. లేచాక పరుగు దానిది, పేరూ దానిదే. నా పని రెండు క్షణాలు. ఆ రెండు క్షణాలూ నేను పలక్కపోతే మాత్రం దిగి బస్సు తోయాల్సింది మీరే.

పన్నెండేళ్లు ఒక బస్సులో పనిచేసి అరిగిపోయాను. పాత ఇనుము కింద తూకానికి పోబోతున్న నన్ను విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు పెట్టుకున్న సునయన, భార్గవ్ కొనుక్కున్నారు. ఇద్దరూ ఇంజనీరింగు చదివినవాళ్లు. పెళ్లయి పదిహేను రోజులే. ఆమె మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది. తిరిగే మోటర్లో చుట్టుకోకుండా చొక్కా లోపలికి దోపుకునేది. ఈ నెలలో ఒక్క ఆర్డరైనా రాకపోతే షెడ్డు మూసేసి ఉద్యోగాలు వెతుక్కోవాలని ఇద్దరూ అనుకున్నారు.

రిపేరంటే పాడైన ముక్క మార్చడం. వీళ్లు అంతటితో ఆగలేదు. నన్ను పూర్తిగా విప్పి, కడిగి, ప్రతి భాగాన్నీ కొలిచి, బుష్‌లూ కార్బన్లూ లాంటి అరిగే ముక్కలన్నీ కొత్తవి వేసి, కొత్త మోటరుకు పెట్టే పరీక్షలన్నీ పెట్టారు. నా కోసం కొత్త ఇనుము కావాలని మళ్లీ ఏ కొండా తవ్వక్కర్లేకపోయింది. నేను గిర్రున తిరగ్గానే సునయన చప్పట్లు కొట్టి, భార్గవ్ ముక్కుకు గ్రీజు రాసింది. తర్వాత నా ఒంటి మీద "రెండో తయారీ" అని ముద్ర కొట్టింది.

స్కూలు బస్సుల యజమాని రత్తయ్య గారు షెడ్డుకొచ్చి ఆ ముద్ర చూసి మొహం చిట్లించారు.

"ఎవరైనా పాతదని చాటుకుంటారా అమ్మాయ్? కాస్త నల్లరంగు పూస్తే ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదండీ! వారం పెట్టి చూడండి. మొరాయిస్తే నేనే వచ్చి బస్సు తోస్తా."

"కొత్త పెళ్లికూతురు తోస్తే నా పరువేం కావాలి!"

"పక్కన నేనూ తోస్తాలెండి," అన్నాడు భార్గవ్.

మనుషుల తీరు చూడండి. మోకాలి చిప్ప మార్పించుకున్నవాణ్ణి పండ్లు పట్టుకెళ్లి పలకరిస్తారు. నాలో బుష్ మారిస్తే అనుమానం! నాకూ పంతం వచ్చింది.

నన్ను ఆయన బస్సుల్లో ఒకదానికి బిగించారు. ఆ వారమంతా డ్రైవరు కావాలనే స్టాపు స్టాపుకీ ఇంజను ఆపి తాళం తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ పలికాను. జోరువానలో తడిసిన పొద్దున కూడా పలికాను.

ఎనిమిదో రోజు రత్తయ్య గారు షెడ్డు ముందు ఆ బస్సే దిగారు.

"మిగతా పదకొండు బస్సుల మోటర్లూ నీకే ఇస్తున్నానమ్మాయ్. ఒక్క మాట. ముద్ర కొట్టేటప్పుడు పక్కన కాస్త చోటు వదులు."

"ఎందుకండీ?"

""మూడో తయారీ" అని కొట్టొద్దూ!"

నా మీదా బోలెడంత చోటుంది. నాలుగోదానికి కూడా.