ఊరకున్నవాళ్ళ ఒప్పుదల

చింతామణిలో ఆడవాళ్ళ ఆస్పత్రి ఒకదాని వెబ్‌సైటును చూసుకునే ఆఫీసులో సహనది ఒకటే పని. సైటుకు వచ్చినవాళ్ళను "కుకీలు పెట్టుకోవచ్చా?" అని అడగాలి, ఎవరు ఏమన్నారో రికార్డు భద్రంగా ఉంచాలి. ఈ కుకీలు తినేవి కావు మహానుభావా! మనం ఏ పేజీ చూశామో గుర్తుపెట్టుకుని ప్రకటనల వాళ్ళకు చేరవేసే చాడీకోరులు. ఒప్పుకోనివాళ్ళ జోలికి పోకూడదని చట్టం. తానుండగా ఎవరి గుట్టూ బయటికి పోదని సహనకు గర్వం. ఆ ధైర్యంతోనే అక్కకు కూడా ఆ సైటు చూడమని చెప్పింది.

ఆ అక్క హేమావతి బట్లహళ్ళి నుంచి ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

"కొంప ముంచితివి కదే! మా అత్త నా ఫోన్లో భజనలు చూస్తాంటే మధ్యలో పిల్లలు పుట్టకుండా వేసుకొనే మాత్రల ప్రకటన వచ్చింది. ఒకసారి కాదు, పాటపాటకూ!"

ఇద్దరు ఆడపిల్లలు చాలనుకున్న హేమావతి, మనవడి కోసం కాచుకున్న అత్త తిమ్మక్కకు తెలియకుండా ఆ మాత్రల గురించి చదివింది.

"కుకీలకు సరే అని నొక్కినావా అక్కా?"

"నేనేమీ నొక్కలేదే. ఆ ప్రశ్న చూసి భయమేసి, దాన్ని అట్లే వదిలేసి చదువుకొంటిని. మా అత్త అడిగినప్పుడు కూడా అట్లే ఊరకుంటిని, ఇప్పుడు తిడతాండాది. ఇంకో బిడ్డను కంటావా అంటే ఊరకుంటివి, ఒప్పుకుంటివనుకొంటి అని."

సహన రికార్డు తెరిచింది. అక్క చూసిన రోజు, అదే పేజీ. నొక్కిన గుర్తే లేదు, పక్కన మాత్రం 'ఒప్పుకున్నారు'. పైన ఒప్పుకున్నారు, కింద ఒప్పుకున్నారు. ఓరి దేవుడా! నోరు మెదపని ఆడవాళ్ళందరి పక్కనా అదే మాట. ఇన్నాళ్ళూ తను కాపలా కాసింది ఈ అబద్ధానికా? కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలి!

ఫోను కట్ చేయకుండానే యజమాని పురుషోత్తమ్ గదిలోకి పరుగెత్తి, ఇదేమిటని అడిగింది. ఆయన తాపీగా కాఫీ తాగుతున్నాడు.

"నేనే అట్ల పెట్టించినానమ్మా. వద్దంటే వద్దని రాస్తాము. ఊరకుంటే ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అని పెద్దోళ్ళు ఉత్తినే చెప్పినారా? రేపు ఆఫీసర్లు తనిఖీకి వస్తాండారు. రికార్డంతా సరిగా ఉండాదని నువ్వు సంతకం పెట్టాల."

పెద్దలు అర్ధమే అన్నారు. ఈ పెద్దమనిషి పూర్తిగా రాసేసుకున్నాడు! సహనకు నోట మాట రాలేదు. పురుషోత్తమ్ కాసేపు చూసి, నవ్వి, పెన్ను ఆమె ముందుకు జరిపాడు.

"సరే, ఒప్పుకున్నట్టే కదమ్మా."

"లేదు!"

ఆ అరుపుకు ఆయన చేతిలో కాఫీ తొణికింది.

"నేను ఒప్పుకోను సార్. సంతకం పెట్టను. వాళ్ళెవరూ ఒప్పుకోలేదని తనిఖీవాళ్ళకు నేనే చెప్తాను."

బయటికొచ్చి ఫోను చెవికి పెట్టుకుంది. అక్క ఇంకా లైన్లోనే ఉంది. వెనక తిమ్మక్క గొంతు ఖంగుమంటోంది.

"మాట్లాడవేమే? కంటావా, కనవా?"

అక్క ఉలకదు, పలకదు.

"అక్కా, ఊరకుండొద్దు," అంది సహన. "నోరు తెరిచి చెప్పు."