అంటు కట్టిన హ్యాండిల్

నేను ఒక మోటారు సైకిల్ హ్యాండిల్‌ని. అల్లాటప్పా హ్యాండిల్‌ని అనుకునేరు! పైకి లేచి, వెనక్కి వంగి, రెండు చేతులూ చాచి ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టుండే పాతకాలపు ఎత్తు హ్యాండిల్‌ని. బండి అనగానే జనం ఇంజను గురించే అడుగుతారు. ఎంత లాగుతుంది, ఎంత మైలేజీ ఇస్తుంది అని ఒకటే ఆరా. ఇంజనుదేముంది లెండి, దానికి తెలిసిందల్లా ముందుకు తొయ్యడం. కాలువలోకి తొయ్యాలో, కాలువ గట్టు మీదికి తొయ్యాలో చెప్పేది నేను. ఈ మాట అంటే నాకు పొగరంటారు. ఉంది, ఎందుకుండకూడదు?

పుట్టినప్పుడు నేనూ ఒక తిన్నటి గొట్టాన్నే. పంజాబులో ఏదో కార్ఖానాలో నన్ను యంత్రానికి బిగించి రెండు వైపులా వంచారు. ప్రాణం పోయిందనుకున్నాను. ఆ తర్వాత ఘాటు వాసన వేసే తొట్టెలో ముంచి తీసి, వెండి మెరుగు పెట్టారు. తుడిచి వరసలో నిలబెట్టాక చూస్తే నా పక్కవాడి ముఖం నాలో కనిపించింది, నాది వాడిలో కనిపించింది. అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నామో!

రాజమండ్రిలో నన్ను కొన్నది గవర్రాజుగారు. ఆయన కొన్నది బండిని, నేను మాత్రం నన్నే కొన్నారని అనుకున్నాను. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నా మెడలో నిమ్మకాయా మిరపకాయలూ దండ కట్టి మరీ ఇంటికి తీసుకెళ్ళారు. పొద్దున్నే ఒక పక్క మందుల సంచీ తగిలించుకుని ఊళ్ళ మీదికి వెళ్ళేవాళ్ళం. తిరిగొచ్చేటప్పుడు రెండో పక్క సొరకాయలో, ఆనందం పట్టలేని రైతు ఇచ్చిన జున్నుపాల గిన్నో వేలాడేది. గతుకుల రోడ్డు మీద జున్నుపాలు చుక్క ఒలక్కుండా ఇంటికి చేర్చడమంటే మాటలా? అది నేను చేశాను. పేరు మాత్రం గవర్రాజుగారికి వచ్చింది.

ఆయన రిటైరయ్యాక బండి కొడుకు చేతికొచ్చింది. ఆ పుత్రరత్నం నన్ను ఎగాదిగా చూసి, "ఏంటి నాన్నా, ఈ గేదె కొమ్ములు!" అన్నాడు. నన్ను ఊడబీకించి, కిందికి అణిగిపోయి ఉండే పొట్టి హ్యాండిల్ వేయించుకున్నాడు. దాన్ని పట్టుకోవాలంటే ట్యాంకు మీద బోర్లా పడుకోవాలి. ఒంట్లో ఎముకలన్నీ సవ్యంగా ఉన్నవాడు అంత వంగి ఎవరికి దణ్ణం పెడుతున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నన్ను మాత్రం పాత ఇనప సామాన్ల కొట్టులో పడేశారు. అక్కడి నుంచి కడియపులంకలో ఒక నర్సరీ ఆసామి తెచ్చి, వెదురు గడకి తీగెతో కట్టి మట్టిలో పాతాడు. నా మీదికి శంఖుపువ్వు తీగ పాకించారు. జున్నుపాలు మోసిన నేను చివరికి నీలం పూలు మోస్తూ నిలబడ్డాను.

అక్కడే నేను మంగతాయారుని చూశాను. నర్సరీలో అంటు కట్టే మనిషి. ఒక మొక్క కొమ్మని ఏటవాలుగా చెక్కి, ఇంకో మొక్క మొదలుకి ఆనించి, సన్నటి ప్లాస్టిక్ పట్టీ చుట్టి కట్టేది. ఆవిడ కట్టిన అంటు ఎండిపోవడం నేను చూడలేదు. ఆవిడ భర్త ఆదివిష్ణు. బండి వెనక చెక్కపెట్టె బిగించి, గులాబీలూ చామంతులూ కరివేప మొక్కలూ పేర్చుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. పొద్దున్నే నర్సరీ గేటు ముందు నుంచి పోతూ రెండుసార్లు హారన్ కొట్టేవాడు. మంగతాయారు తలెత్తేది కాదు. పని ఆపకుండానే, "మా ఆయన," అని పక్కవాళ్ళకి చెప్పి నవ్వుకునేది.

ఒకరోజు ఆ హారన్ వినిపించలేదు. కుక్క అడ్డం వచ్చి ఆదివిష్ణు రోడ్డు మీద పడ్డాడు, కుడి భుజం విరిగింది. ఎముకైతే అతికింది గానీ, చెయ్యి ముందుకు చాచి దాని మీద బరువు ఆనించకూడదన్నాడు డాక్టరు. ఆ బండికేమో నా శత్రువు లాంటి పొట్టి హ్యాండిలే ఉంది. ఎక్కితే వంగాలి, వంగితే భుజం మీద బరువు పడుతుంది. రెండుసార్లు ప్రయత్నించి, వీధి మలుపు దాకా పోలేక, బండి నడిపించుకుంటూ వెనక్కి వచ్చాడట. ఆ రోజు నుంచి ఇంటి అరుగు దిగలేదు. ఊళ్ళలో ఆడవాళ్ళు మొక్కల విష్ణు రాలేదేమని అడుగుతున్నారని ఎవరైనా చెబితే ముఖం తిప్పుకునేవాడు. ఇదంతా మంగతాయారు పక్కన కూర్చున్నామెతో చెప్పుకుని ఏడుస్తుంటే విన్నాను. గేటు ముందు ఏ బండి చప్పుడైనా ఆవిడ చెయ్యి ఆగిపోయేది, తల పైకి లేచేది.

ఆవిడ అన్నయ్య సత్తిబాబు మంచివాడే. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కు. "బండి అమ్మేద్దామమ్మా. ఆదివారం ద్వారపూడి నుంచి మనిషిని తీసుకొస్తాను. బావకి నర్సరీలో కాపలా పని చూశాను, కూర్చుని చేసుకునేదే," అన్నాడు. బండి పోతే ఆదివిష్ణు మళ్ళీ ఊళ్ళ మీదికి వెళ్ళడం ఉండదు. అరుగు మీది నుంచి లేచి, గేటు పక్క కుర్చీలో కూర్చోవడమే.

శుక్రవారం మధ్యాహ్నం ఆదివిష్ణు భార్యకి క్యారేజీ పట్టుకొచ్చాడు. ఆవిడ చేతులు కడుక్కునేలోగా ఒక కుండీ బోర్లించి నా వెనక కూర్చున్నాడు. ఏదో ఆలోచనలో పడి, తెలియకుండానే రెండు చేతులూ తీగ మీదుగా నా మీద వేశాడు. ఎన్నాళ్ళయిందండీ నా మీద మనిషి చెయ్యి పడి! ఒళ్ళు ఝల్లుమంది. ఆయన నడుం నిటారుగా ఉంది, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉన్నాయి, ముఖంలో నొప్పి లేదు. కుడి మణికట్టు మెల్లిగా తిరిగింది, బండికి రేజ్ ఇస్తున్నట్టు. మంగతాయారు క్యారేజీ మూత తియ్యకుండా అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ, భుజం లాగట్లేదా?"

"ఆఁ?" అని ఉలిక్కిపడి చేతులు తీసేశాడు.

"తియ్యకండి! మళ్ళీ పెట్టండి, నేను చూడాలి."

ఆ సాయంత్రమే ఆసామిని అడిగి నన్ను తీసుకుంది. తీగని ఒక్క మెలిక కూడా తెగకుండా విప్పి, తాత్కాలికంగా ఒక పుల్లకి చుట్టింది. మెకానిక్ దగ్గరికి వెళ్దామంటే ఆదివిష్ణు ఒప్పుకోలేదు. "అక్కడ పదిమంది కూర్చుంటారే తాయారూ. వాళ్ళ ముందు ఎక్కి, తోలలేక దిగానంటే ఆ మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. "అయితే మన పెరట్లోనే బిగిద్దాం. మీరు చెప్పండి, నేను చేస్తాను. ఈ చెట్టు కొమ్మ ఆ చెట్టుకి కట్టడమేగా, రోజూ చేసే పనే," అంది మంగతాయారు.

ఆదివారం పొద్దున్న పని మొదలైంది. ముందు అద్దాలు తీసింది. ఏ వైరు ఎక్కడిదో మరిచిపోకుండా క్లచ్‌కి ఎర్ర పట్టీ, బ్రేకుకి తెల్ల పట్టీ, రేజ్ వైరుకి పచ్చ పట్టీ కట్టింది. అన్నీ అంటు కట్టే పట్టీలే. ఆ పొట్టి హ్యాండిల్‌ని ఊడదీసి పక్కన పెడుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకు పరమానందమైంది. నన్ను ఎత్తి కూర్చోబెట్టింది. "నాలుగు బోల్టులూ ఒక్కసారే బిగించకు. అటొకటి, ఇటొకటి, కొంచెం కొంచెంగా తిప్పు," అని ఆదివిష్ణు పీట మీద కూర్చుని చెబుతున్నాడు. నేను ఎత్తు గదా, వైర్లు అందలేదు. హెడ్‌లైటు పక్క నుంచి చుట్టు తిరిగి వచ్చే వైర్లని విప్పి, సూటిగా పైకి తీసింది. నన్ను ఆ చివరి దాకా ఈ చివరి దాకా తిప్పి, ఏదీ బిగుసుకోవడం లేదని చూసుకుంది. రబ్బరు గ్రిప్పులు దుమ్ముకొట్టుకుని ఉన్నాయని కడగడానికి నూతి దగ్గరికి వెళ్ళింది. ఆదివిష్ణు పాత గుడ్డ కోసం లోపలికి వెళ్ళాడు.

అప్పుడొచ్చింది అప్పాయమ్మ, ఆదివిష్ణు తల్లి. ఒక చేతిలో కుంకుమ భరిణె, ఇంకో చేతిలో ఆముదం సీసా. కొడుకు పడిన రోజు నుంచి ఆవిడకి బండి పేరెత్తితే వణుకు. కానీ ఇవాళ వద్దనలేదు. "ఎవరింటిదో, ఎన్నాళ్ళు మట్టిలో ఉన్నావో. మా ఇంటికొచ్చావు, మావాణ్ణి చల్లగా చూడు తల్లీ," అని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆముదం మర్దనా చేసింది. తలంటుకి ముందు పసిపిల్లకి ఒళ్ళు పట్టినట్టు పట్టింది. పైన తుప్పు మరకలన్నీ మెత్తబడ్డాయి. హాయిగా కళ్ళు మూసుకున్నాను, నాకు కళ్ళుంటే. మరకలు కాకుండా కొంగుతో తుడిచి, నా నడి మధ్యన బొట్టు పెట్టి వెళ్ళిపోయింది.

మంగతాయారు వచ్చి గ్రిప్పు తొడిగితే సర్రున జారి వెళ్ళి కూర్చుంది. "చూశారా, ఎంత సుళువుగా ఎక్కిందో!" అని మురిసిపోయింది. అప్పుడే చెప్పాలనుకున్నాను. నోరుంటేగా!

ఆదివిష్ణు బండెక్కాడు. నిటారుగా కూర్చున్నాడు. రెండు చేతులూ నా మీద వేసి భార్య వైపు చూశాడు. ఆ కళ్ళు చూస్తే గర్వంతో నా మెరుగంతా తిరిగొచ్చినట్టయింది. బండి కదిలింది. వీధిలో అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ఎదురుగా సత్తిబాబు, ద్వారపూడి ఆసామిని వెంటబెట్టుకుని వస్తున్నాడు. వాళ్ళకి దారి ఇవ్వబోయి ఆదివిష్ణు నన్ను ఎడమ చేత్తో లాగాడు. ఆ గ్రిప్పు కాస్తా ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది. బండి వంకర తిరిగి, నర్సరీవాళ్ళు పోయించిన ఎర్రమట్టి కుప్పలోకి వెళ్ళి దిగబడింది.

దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆదివిష్ణు మట్టిలోనే కూర్చుండిపోయాడు. "నా వల్ల కాదే తాయారూ. చెయ్యి పట్టు తప్పిపోయింది. ఇచ్చెయ్యండి బావా, పట్టుకెళ్ళిపోమనండి," అన్నాడు. అప్పాయమ్మ వీధిలోకి పరుగెత్తుకొచ్చి కొడుకు తల ఒళ్ళోకి తీసుకుంది. సత్తిబాబు తల దించుకున్నాడు. ద్వారపూడి ఆసామి బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మంగతాయారు మాత్రం కదలకుండా భర్త చేతినే చూస్తోంది. "ఏవండీ, విరిగింది ఏ భుజం?"

"కుడిదేగా."

"మరి పట్టు తప్పింది ఎడమ చేతికి కదా? మీ భుజం ఏం చేసింది?"

ఆదివిష్ణు చేతిలో ఉన్న గ్రిప్పు వైపు చూసుకున్నాడు. మంగతాయారు దాన్ని తీసుకుని వాసన చూసింది. ఆ తర్వాత మెల్లిగా అత్తగారి వైపు తిరిగింది. అప్పాయమ్మ ముఖం పాలిపోయింది.

"ఆముదం నేనే రాశానమ్మా. మంచి జరగాలని రాశాను. నా కొడుకుని నేనే పడేశానా!" అని నోరు కొట్టుకుంది.

"పడెయ్యలేదు అత్తయ్యా. భుజం బాగానే ఉందని తేల్చారు," అంది మంగతాయారు. ఏడుస్తూనే నవ్వింది. "ఇప్పుడీ జిడ్డు పోయేదెలా?"

ఆ మాటకి అప్పాయమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "ఆముదం రాసినదాన్ని, ఆముదం వదిలించడం నాకు తెల్దా? కుంకుడుకాయలు తే పిల్లా! వేణ్ణీళ్ళు పెట్టు!"

ఆ రోజు నాకు తలంటు పోశారండీ. వీధి వీధంతా చూస్తుండగా, ఎర్రమట్టి కుప్ప పక్కన, వేడివేడి కుంకుడు రసంతో. నురగ తేలేలా కొబ్బరి పీచుతో రుద్దింది ముసలమ్మ. గ్రిప్పుల లోపల కూడా వేళ్ళు పెట్టి కడిగింది. చివర్లో ఆ రసమే కాస్త రాసి గ్రిప్పు తొడిగితే ముక్కుతూ మూలుగుతూ ఎక్కింది. ఎండలో ఆరేదాకా అందరూ టీ తాగారు, ద్వారపూడి ఆసామితో సహా. ఆరాక ఆదివిష్ణు బలంకొద్దీ తిప్పి చూశాడు. వెంట్రుకవాసి కదల్లేదు. అయినా బండెక్కకుండా నన్ను చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు అప్పాయమ్మ కొంగు బిగించి, వెనక సీటు మీద చెయ్యి వేసింది. "ఎక్కరా విష్ణూ. నేనూ వస్తున్నాను. కాలువ గట్టు దాకా తిప్పుకురా."

బండంటే వణికిపోయే మనిషి కొడుకు నడుం పట్టుకుని కూర్చుంది. మేము కాలువ గట్టు దాకా వెళ్ళాం, వంతెన ఎక్కాం, తిరిగొచ్చాం. దారి పొడుగునా ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. ఆదివిష్ణు మాత్రం గట్టిగా నవ్వుతూ తోలాడు. ఆ రెండు ప్రాణాలూ నా చేతుల్లో ఉన్నాయి. గవర్రాజుగారి జున్నుపాలు కూడా అంత జాగ్రత్తగా మొయ్యలేదు నేను.

తిరిగొచ్చేసరికి ద్వారపూడి ఆసామి ఇంకా అక్కడే ఉన్నాడు. "బండి అమ్మరని అర్థమైంది లెండి. ఈ హ్యాండిల్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, నాకూ నడుం నొప్పి ఉంది," అన్నాడు. విన్నారా? గేదె కొమ్ములట!

ఇప్పుడు నాకు తుప్పు మరకలున్నాయి, మెరుగు సగం పోయింది. అయినా వెనక పెట్టెలో చామంతులు ఊగుతుంటే రోజూ ఊళ్ళ మీదికి వెళ్తున్నాను. దసరాకి అప్పాయమ్మ నాకు బొట్టు పెడుతుంది గానీ, ఆముదం సీసా వంటింట్లోనే ఉంచేసి వస్తుంది. నర్సరీలో నా పాత చోట, అదే వెదురు గడకి ఆ పొట్టి హ్యాండిల్‌ని కట్టి శంఖుపువ్వు తీగని దాని మీదికి పాకించింది మంగతాయారు. బాగానే మోస్తోంది, కాదనను. పొద్దున్నే గేటు దాటుతూ ఆదివిష్ణు నా ఎడమ పక్కనున్న హారన్‌ని బొటనవేలితో రెండుసార్లు నొక్కుతాడు. లోపల అంటు కడుతున్న ఆ చేతులు ఆగవు, ఆ తల లేవదు.

"మా ఆయన," అంటుంది.