నిద్రమంత్రి

జైలోసి మలావీ నుంచి పారిపోయి సరిహద్దుకి ఇవతల ఉన్న మా చిపాటాకి వచ్చినప్పుడు, నా కుట్టుపని దుకాణం వెనక గదిలో చోటిచ్చాను. సరిహద్దుకి అటూ ఇటూ మాట ఒకటే, తిండి ఒకటే. అతను మాకు పరాయివాడు కాలేదు.

అక్కడి ప్రభువుల మీద అతను రాసే వెటకారాలు గోధుమపిండి బస్తాల అడుగున సరిహద్దు దాటి వెళ్లేవి. వాటిని చదివి జనం కడుపుబ్బ నవ్వుకునేవారు. అందులో అందరికీ ఇష్టమైనవాడు నిద్రమంత్రి. సభలో గురక పెడుతూ, మెలకువ వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టే మనిషి. ఆయన వ్యవసాయ మంత్రి లమెక్ అని అందరికీ తెలుసు.

కొన్నేళ్లకి, అక్కడ దేశాన్నేలే పెద్దాయనకి లమెక్ మీదా అనుమానం వచ్చింది. కూతురు తిసుంగేని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆయనా మా ఊరే చేరాడు. బజారులో ఆయన కనబడితే మలావీ వాళ్లు గురక చప్పుడు చేసి నవ్వేవారు.

ఆయన్ని చూసి రావాలంటూ జైలోసి నన్ను తోడు తీసుకెళ్లాడు. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. మొక్కజొన్న పిండితో వండిన న్సీమా ముద్దలు, గుమ్మడాకు కూర పెట్టించాడు. చేతులు కడుక్కున్నాక తనే మొదలుపెట్టాడు.

"నేను కునుకు తీసిన మాట నిజమే తమ్ముడూ. మా ఆవిడ పోయేముందు మంచంలో కదల్లేక ఒళ్లంతా పుండ్లు పడింది. రాత్రంతా అటూ ఇటూ తిప్పుతూ కూచునేవాణ్ణి. సభలో కళ్లు మూతపడేవి."

"నేను రాసింది ఆవిడకి తెలుసా అన్నా?"

"చదివి వినిపించమంది. వినిపించాను. బాగా నవ్వింది. ఆ రోజు నుంచి మాత్రం, పక్కకి తిప్పమని నన్ను అడగడం మానేసింది."

జైలోసి తల ఎత్తలేదు. ఈ నిజం కూడా రాస్తానన్నాడు. లమెక్ వద్దన్నాడు. నవ్వించిన మాట నిలుస్తుంది గానీ, సరిదిద్దిన మాట ఎవడు చదువుతాడన్నాడు. జైలోసి మళ్లీ ఆ ఊసెత్తలేదు.

రెండు వానాకాలాలు గడిచాక లమెక్ జ్వరంతో పోయాడు. సమాధి దగ్గర మాట్లాడమని జనం జైలోసినే ముందుకి నెట్టారు. అతను ఆ భార్యాభర్తల రాత్రుల గురించి చెప్పసాగాడు. "ఈయన నిద్రపోయింది ఎందుకంటే" అనగానే ఎవరో కిసుక్కుమన్నారు. ఆపుకోలేక పక్కవాళ్లూ నవ్వారు. అతని నోట ఏ మాట వచ్చినా నవ్వడం వాళ్లకి అలవాటైపోయింది. జైలోసి మధ్యలోనే ఆపేసి పార అందుకున్నాడు.

ఇంటికి వస్తుంటే తిసుంగే అడిగింది: "మా అమ్మ గురించి చెప్తుంటే ఎందుకు నవ్వారు?"

జైలోసి నా వంక చూశాడు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిచాను.

మలావీని ఏలిన ఆ పెద్దాయన పోయాక కూడా జైలోసి తిరిగి వెళ్లలేదు. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాడు, కానీ ఒక్క పేజీకి నెలలు పడతాయి. రాసినదాన్ని ముందు నాకు చదివి, ఇందులో ఎవరికైనా నొప్పి కలుగుతుందా అని అడుగుతాడు. తిసుంగే ఇక్కడే ఆసుపత్రిలో నర్సు. దారిలో కనబడితే మా ఇద్దరికీ మోకాళ్లు వంచి దణ్ణం పెడుతుంది. నాతో కాసేపు నిలబడి మాట్లాడుతుంది. అతనితో మాట కలపదు.