మాట్లాడని జత

ఛాతీ ఆసుపత్రి మూడో అంతస్తులో, చివరి గదిలో కూర్చుని పరిశోధనల అంకెలు చూసే లెక్కలావిడ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమని అందరికీ తెలుసు. ఆ పేరు తెచ్చిపెట్టింది పెద్ద డాక్టరే. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా అంటే, అది వేరే సంగతి.

ఈసారి పేచీ చెక్క సామాన్లకి కొట్టే పాలిష్ దగ్గర వచ్చింది. తలుపులు మూసిన షెడ్లలో పాలిష్ కొట్టేవాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బు ఎక్కువగా వస్తోందా అన్నది ప్రశ్న. నూట ఇరవై మంది రోగుల్ని తీసుకున్నారు. ఒక్కో రోగికీ అదే వీధిలో, అదే వయసున్న ఆరోగ్యవంతుణ్ణి వెతికి జత కట్టారు. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు కూడా అంత తిరగరు. అందరినీ అడిగింది ఒకటే, పాలిష్ పని చేశారా లేదా అని.

అంత తిరిగి కట్టిన జతల్ని పెద్ద డాక్టరు విడగొట్టేసి, రోగుల్ని ఒక కుప్ప, ఆరోగ్యవంతుల్ని ఇంకో కుప్ప పోశారు. పాలిష్ పని చేసినవాళ్ళు రోగుల్లో అరవై ఎనిమిది మంది, ఆరోగ్యవంతుల్లో యాభై ఆరు. ఈపాటి తేడా కాకతాళీయంగానూ రావచ్చు, తప్పు పాలిష్‌దేనని చెప్పలేమని రాయడానికి పెన్ను మూత తీశారు. ఆసుపత్రి హాని ఉందని చెబితే గాలి లాగే ఫ్యాన్లు పెట్టిస్తామని షెడ్ల యజమానులు ఒప్పుకున్నారు. లేదంటే మూసిన తలుపులు మూసినట్టే.

ఆ తలుపుల వెనక ఉన్నవాళ్ళలో ఒకడు లెక్కలావిడకి స్వయానా అక్క మొగుడు. రోగుల్లోనూ ఒకడు. మెట్లెక్కుతూ మధ్యలో ఆయాసంతో ఆగిపోయి, ఎవరైనా చూస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేవాడు. వేరే పని చూసుకోమంటే, ఈ వయసులో నాకు ఇంకేం వచ్చని అనేవాడు. ఏమన్నా తేలిందా అని అక్క అడిగినప్పుడల్లా ఆవిడ లెక్కలింకా అవలేదని మాట మార్చేసేది.

ఆవిడ పెద్ద డాక్టరు గదికి వెళ్ళి, జత కట్టినవాళ్ళని జతగానే చూడాలంది. ఒకే వీధి, ఒకే వయసు చూసి మరీ కట్టాక విడగొడితే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరేనంది. జతలో ఇద్దరూ పాలిష్ పనివాళ్ళే అయితే, ఒకరికి జబ్బు వచ్చి ఇంకొకరికి రాకపోవడం గురించి ఆ జత ఏమీ చెప్పదు. ఇద్దరూ కాకపోయినా అంతే. ఒకరు ఆ పని చేసి, రెండోవారు చేయని జతలే నోరు విప్పుతాయి. వాటిలో పని చేసింది రోగా, ఆరోగ్యవంతుడా అని చూడాలి. పాలిష్ తప్పేం లేకపోతే అటూ ఇటూ ఇంచుమించు సమానంగా ఉంటాయి.

డాక్టరు కళ్ళజోడు తీశారు. "మీ బావ ఇందులో ఉన్నాడు కదమ్మా. నా పద్ధతిలోనే తప్పు పాలిష్‌దని తేలి ఉంటే, అప్పుడూ ఇలాగే వచ్చేదానివా?"

మాట గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే ఆవిడకే తెలియదు.

"ఏమో సార్. అందుకే జతలు నేనింకా లెక్కపెట్టలేదు. ముందు పద్ధతి సరైందో కాదో మీరు తేల్చండి. సరైందే అంటే మీరే లెక్కపెట్టండి. ఏమీ తేలకపోతే తేలలేదనే రాద్దాం, నేనూ సంతకం పెడతాను."

అనేసింది గానీ, బయటికొస్తూ మనసులోనే లెక్క వేసుకుంది. అరవై ఎనిమిదికీ యాభై ఆరుకీ తేడా పన్నెండు కాబట్టి, నోరు విప్పే జతల్లోనూ రెండు వైపులకీ తేడా పన్నెండేనని ఆవిడకి ముందే తెలుసు. నోరు విప్పే జతలు వంద ఉంటే యాభై ఆరు, నలభై నాలుగు. చెప్పడానికేమీ ఉండదు, బావ ఆ షెడ్డులోనే ఉండిపోతాడు. కొన్నే ఉంటే మాత్రం ఆ పన్నెండే పెద్ద తేడా, కథ వేరు.

మర్నాడు పొద్దున్నే డాక్టరు తనే వచ్చారు. "నీ కుందేలుకి నాలుగో కాలు ఉందేమోనని రాత్రంతా వెతికాను. లేదు," అన్నారు. కుర్చీ లాక్కుని లెక్క మొదలుపెట్టారు. మాట్లాడని జతలు తొంభై ఆరు తేలాయి. నోరు విప్పినవి ఇరవై నాలుగే. వాటిలో పద్దెనిమిదింట పాలిష్ పని చేసింది రోగి, ఆరింట ఆరోగ్యవంతుడు. డాక్టరు నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టారు. మూడు రెట్లు. ఇంత తేడా ఊరికే రావాలంటే నూటికి రెండు మూడుసార్లకు మించి రాదు. ఆయన తను రాసిన వాక్యం కొట్టేసి, కొత్తది ఆవిడనే రాయమన్నారు. రాస్తుంటే అక్షరాలు మసకబారాయి.

యజమానులు నసుగుతూనే ఫ్యాన్లకి ఆర్డరిచ్చారు. ఆ ఆదివారం అక్కా వాళ్ళింట్లో బావ అడిగాడు, "ఇంతకీ నేను ఏ వైపున పడ్డాను?"

"ఏ వైపూ కాదు బావా. నీకు జత కట్టింది ఎదురింటాయన్ని. ఆయనదీ పాలిష్ పనే కదా. మీ జత మాట్లాడలేదు."

బావ నవ్వబోయి దగ్గాడు. ఇన్నేళ్ళు దగ్గి దగ్గి చచ్చినా మీ చెల్లెలి లెక్కలోకి రాలేదట చూడు అని అక్కతో మొరపెట్టుకున్నాడు. ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు. తర్వాత బావ ఉన్నట్టుండి నవ్వు ఆపేశాడు. కిటికీలోంచి చూస్తే ఎదురింటాయన ఈల వేసుకుంటూ వరండా తుడుస్తున్నాడు.

"వాడికింకా దగ్గు రాలేదు కదూ," అన్నాడు బావ. "ఫ్యాన్లు వచ్చేదాకా తలుపులు తీసి పని చేయమని చెప్పాలి."

చెప్పులేసుకుని బయల్దేరాడు. రోడ్డు దాటి, ఎదురింటి మెట్ల మధ్యలో ఆయాసంతో ఆగాడు. ఎదురింటాయన చూస్తూనే ఉన్నాడు. బావ ఈసారి చెప్పు కోసం వంగలేదు. ఊపిరి అందేదాకా అలాగే నిలబడి, మిగతా మెట్లు ఎక్కాడు.